తొమ్మిదోవాడు

పడవలో తొమ్మిదిమంది వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు కహుతై మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదిమందే ఉన్నారు.

ఆమె అప్పుడు వాగు పైనున్న గుట్టమీద ఫెర్న్ వేళ్ళు తవ్వుతోంది. ఓడ కనబడగానే ఊరంతా కొండకొమ్ము మీది కంచె లోపలికి చేరిపోయింది గానీ ఆమె కదల్లేదు. ఇంట్లో కోడలు ఐదురోజుల బాలింత. వయసులో ఉన్నవాళ్ళంతా చిలగడదుంపలు తవ్వడానికి లోపలి తోటలకు పోయారు, నెలవంక మారేదాకా రారు. తెల్లవాళ్ళు వచ్చారని వేళ్ళు వాటంతటవే నేలలోంచి లేచి బుట్టలో పడవు కదా. తవ్వుకర్ర పక్కన పెట్టుకుని, పొదచాటున మోకాళ్ళ మీద కూర్చుని, కింద తీరంలో జరిగేదంతా చూసింది.

వాళ్ళు పడవను వాగు సముద్రంలో కలిసేచోట చెట్లచాటున కట్టి, నీళ్ళకోసం కాబోలు పైకి పోయారు. చాలాసేపటికి ఇసుక మీదికి వచ్చి గుంట తవ్వారు. గుంటలో మెరిసే సొరబుర్రలాంటిదేదో, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టారు. దాని పక్కనే నున్నగా చెక్కిన పొడుగాటి కొయ్య పాతారు. కొయ్య కొసన ఎర్రగా తెల్లగా ఒక గుడ్డ. అందరూ నెత్తిమీది టోపీలు తీసి చేత పట్టుకున్నారు. వాళ్ళ పెద్ద, నీలంకోటు మనిషి, ఒక తెల్లటి ఆకులోకి చూస్తూ గొంతు పెంచి ఏదో పలికాడు. తక్కినవాళ్ళు తలలు వంచుకుని విన్నారు. ఆ తర్వాత తుపాకులు ఆకాశంలోకి మూడుసార్లు పేల్చారు. తుపాకి అంటే ఏమిటో ఆ తీరానికి అప్పటికే తెలుసు. దక్షిణాన ఒక ఊరివాళ్ళు దాన్ని ఎలా తెలుసుకున్నారో మాత్రం వినకపోతేనే మంచిది.

కహుతైకి ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. మొన్న చలికాలంలో, ఇదే ఇసుకలో, ఆ కొయ్యకు పది అడుగుల దూరంలో ఆమె తమ్ముడు పొకై ఒక కొయ్య పాతాడు. దాని కొసన కట్టింది ఆమె కొడుకు తమాహే కప్పుకునే నార దుప్పటి. తమాహేను సముద్రం తీసుకుంది, మళ్ళీ ఇవ్వలేదు. సముద్రం మనిషిని తీసుకుంటే ఆ నీళ్ళలో మనిషి ఉన్నట్టే. ఆ నీళ్ళలోంచి గుల్లలు తీసుకు తింటే ఆ మనిషిని తిన్నట్టే. అందుకని కొయ్య పాతి, పోయినవాడి బట్ట కట్టి, తీరాన్ని మూసేస్తారు. దాన్నే రాహుయి అంటారు. మళ్ళీ కట్టు విప్పేదాకా ఎంత ఆకలేసినా ఎవరూ ఆ నీళ్ళలో వేలు ముంచరు.

పడవ చెట్లచాటునుంచి బయటికి వచ్చాక లెక్కపెడితే ఎనిమిది తలలే కనబడ్డాయి. వచ్చేటప్పుడు ముందు కూర్చున్న కుర్రాడు, ఎండుగడ్డి రంగు జుట్టువాడు, అందులో లేడు. మూడుసార్లు లెక్కపెట్టింది. ఆమె చేతిలోని వేళ్ళకట్ట జారి కింద పడింది. అయ్యో తల్లీ, అనుకుంది. వాడి తల్లినే అనుకుంది.

పొకై ఊరికి పెద్ద. ఆరడుగుల మనిషి, ముఖమంతా పచ్చబొట్టు, ఎవరి మాటా ఒకంతట వినడు. అక్క మాట వింటాడు. ఓడ కొండమొన దాటి ఉత్తరానికి పోయాక పదిమందిని వెంటబెట్టుకుని తీరానికి దిగాడు. కొయ్య చుట్టూ తిరిగి చూశాడు. పీకేద్దామని దానిమీద చెయ్యి వెయ్యబోతుంటే కహుతై రొప్పుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడింది.

"ముట్టుకోకు. వాళ్ళ పిల్లాడు పోయాడు."

తను చూసిందంతా చెప్పింది. టోపీలు తియ్యడం, తలలు వంచడం, గుంటలో ఏదో పూడ్చడం, తుపాకుల శోకం, ఎనిమిది తలలు. వింటున్నవాళ్ళలో ఒకరిద్దరు ఆడవాళ్ళు అప్పుడే కళ్ళు తుడుచుకున్నారు. పొకై మాత్రం కొయ్యకేసే చూస్తున్నాడు.

"మన నేలమీద రాహుయి వెయ్యాలంటే మనం వెయ్యాలక్కా. కట్టు వేసేవాడే ఆ చోటికి పెద్ద. వీళ్ళెవరు?"

"బిడ్డ పోయినవాళ్ళురా. చచ్చినవాడు ఎవరి నేలమీద చచ్చాడని చూసుకుంటాడా? తమాహే పోయినప్పుడు అవతలి తీరంవాళ్ళకి మనతో తగువు ఇంకా తీరలేదు. అయినా కట్టు విప్పేదాకా మూడు నెలలు ఈ నీళ్ళవైపు పడవ తిప్పలేదు. ఎందుకు తిప్పలేదంటావ్?"

పొకై చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్క ముఖం చూసి తీశాడు తప్ప ఆమె మాట నమ్మి కాదు. పోతూ పోతూ మాత్రం, బాలింతకి గుల్లలు ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగాడు. మొన దాటి అవతలి తీరంనుంచి తెస్తానంది కహుతై. ఆ మొన ఎక్కి దిగడానికి పూట పడుతుంది. ఆమె మోకాళ్ళు ఎలాంటివో ఊరందరికీ తెలుసు.

మర్నాటినుంచి అదే ఆమె పని అయింది. పొద్దు పొడవకముందే లేచి, తలకు పచ్చాకుల దండ చుట్టుకునేది. చావు జరిగిన ఇంటివాళ్ళు కట్టుకునే దండ అది. కొడుకుకోసం నెలల తరబడి కట్టి, తీసి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. ముందు కొయ్య దగ్గరికి పోయి కూర్చునేది. రాగం తీసి ఏడ్చేది. ఆ కుర్రాడి పేరు తెలియదు, వాడి తండ్రి పడవ పేరు తెలియదు, వాళ్ళ కొండ పేరూ నది పేరూ తెలియవు. మనిషికోసం ఏడవాలంటే ఇవన్నీ తెలియాలి. తెలియని చోటల్లా తమాహే పేరే పెట్టి ఏడ్చేది. ఒకరి ఏడుపులో ఒకరిని కలుపుతున్నానేమోనని మొదటిరోజు సిగ్గుపడింది. రెండోరోజు ఆ సిగ్గు పోయింది. కొడుకు పోయిన తరువాత కడుపారా ఏడవడం అదే మొదలని ఆమెకే అర్థమైంది.

తరువాత మొన ఎక్కేది. అవతలి తీరంలో ఇసుక తక్కువ, రాయి ఎక్కువ. పాదంతో తడుముతూ, గట్టిగా తగిలినచోట బొటనవేలితో తవ్వి, వంగి తీసేది. మొదటి గుల్లను ఎప్పటిలాగే సముద్రానికి తిరిగి ఇచ్చేసేది. తక్కినవి బుట్ట అడుగు కూడా నిండేవి కావు. ఇంటికొచ్చేసరికి పొద్దు వాలిపోయేది. కాళ్ళు పీకేస్తున్నా కూర్చునేది కాదు. పొయ్యిలో రాళ్ళు ఎర్రగా కాల్చి, చెక్కదొన్నెలో నీళ్ళు పోసి, కర్రపుల్లలతో ఒక్కో రాయీ పట్టుకుని నీళ్ళలోకి వదిలేది. నీళ్ళు బుసకొట్టి మరిగాక గుల్లలు వేసేది. అవి నోళ్ళు తెరిచేవి. ఆ తెల్లటి రసంతోనే బాలింతకు పాలు పడేవి. అలాంటి పాలు తాగే ఆ ఊళ్ళో అందరూ పెరిగారు.

కోడలు రేహు తాగేది. చాలేది కాదు. మూడోరోజుకి బిడ్డ రొమ్ము నోట పెట్టుకుని రెండు గుక్కలు లాగి, వదిలేసి, గుక్కపెట్టి ఏడ్చింది. నాలుగోరోజుకి ఏడుపు కూడా సన్నబడింది. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఇంకొకతె ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. వాళ్ళంతా లోపలి తోటల్లో ఉన్నారు. కబురు పంపారు గానీ వాళ్ళు రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

రేహు నెమ్మదైన పిల్ల. మొగుడు పోయినప్పుడు కూడా గట్టిగా ఏడవలేదు. అలాంటిది ఆరోజు దొన్నె పక్కకు పెట్టేసింది.

"అత్తా, కిందికి దిగితే చాలు, బుట్టెడు గుల్లలు. అరిచేస్తే వినబడేంత దూరం. వాళ్ళ చావుకి నా బిడ్డెందుకు ఎండిపోవాలి?"

కహుతై మరో రాయి నీళ్ళలోకి వదిలింది. నీళ్ళు బుస్సుమన్నాయి.

"వాళ్ళు మనకేమవుతారు?" అంది రేహు మళ్ళీ.

"ఏమీ కారు. నీ మొగుడు అవతలి తీరంవాళ్ళకి ఏమయ్యాడు?" అంది కహుతై. అని, కోడలి జుట్టు ముఖంమీదినుంచి వెనక్కి తీసి, "ఇంకొక్క రెండ్రోజులు ఓర్చుకో అమ్మీ. తోటలనుంచి ఆడాళ్ళొస్తారు," అంది. పైకి అలా అందే గానీ, బిడ్డ పాదాలు చేత్తో పట్టుకుంటే అవి చల్లగా తగిలాయి. తన మాటవల్లే కదా పొకై చెయ్యి తీసింది. తను ఔనంటే ఈ బిడ్డ కడుపు నిండేది. కానీ నీళ్ళలో ఉన్న ఎవరి బిడ్డనో తీసుకొచ్చి తన మనవరాలికి పొయ్యాలా? ఆలోచించడానికే ఆమెకు మనసొప్పలేదు.

ఐదోరోజు ఓడ తిరిగి వచ్చింది.

ఈసారి పొకై దాక్కోలేదు. పది ఎండుచేపలు తాడుకు గుచ్చి పట్టుకుని, మంచి దుప్పటి కప్పుకుని తీరానికి దిగాడు. పిల్లాణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు సంతాపానికి వచ్చారు, వట్టి చేతులతో ఎదురుపడటం మర్యాద కాదని కహుతైయే పంపించింది. తనూ దండ కట్టుకుని వెనకాలే వెళ్ళింది. వాళ్ళను చూడగానే మొదలుపెట్టాల్సిన ఏడుపు గొంతులో సిద్ధంగా ఉంచుకుంది.

పడవ ఇసుకకు తగిలింది. ఒకరొకరే దిగుతున్నారు. అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. ఎనిమిది. ఆ తరువాత అడుగున పడుకునివున్నవాడెవడో పడవ అంచు పట్టుకుని లేచాడు. పాదానికి గుడ్డ చుట్టివుంది. ఒకడు భుజం ఆసరా ఇస్తే కుంటుకుంటూ ఇసుకమీదికి వచ్చి, రాయిమీద కూర్చుని, తల విదిలించాడు. ఎండుగడ్డి రంగు జుట్టు.

కహుతైకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవేళ వాగులో రాళ్ళమీద జారి పడివుంటాడు, తెచ్చి పడవలో పడుకోబెట్టివుంటారు. ముందుగా ఆమెకు వచ్చింది కోపం కాదు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచివచ్చింది. బతికే ఉన్నాడు. ఎక్కడో ఉన్న ఆ తల్లికి ఏమీ కాలేదు. సిద్ధంగా ఉంచుకున్న ఏడుపు బయటికి వచ్చేసింది గానీ అది వేరే ఏడుపు. పక్కనున్న ఆడవాళ్ళకు ఆమె ఎందుకు నవ్వుతూ ఏడుస్తోందో తెలియలేదు.

అంతలో ఇద్దరు మనుషులు చెక్కబాల్చీ తీసుకుని, కొయ్య కిందనే, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి గుల్లలు ఏరడం మొదలుపెట్టారు. నవ్వుకుంటూ ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. తమవాడి శవాన్ని తాము తినేవాళ్ళు లోకంలో ఉండరు. అంటే ఇంకెవరూ కూడా పోలేదు. అసలు చావే లేదు.

నీలంకోటు మనిషి పొకై దగ్గరికి వచ్చి చేపలు అందుకున్నాడు. బదులుగా రెండు మేకులు ఇచ్చాడు. ఆ తరువాత కొయ్యను చూపించాడు. చెయ్యి చాచి కొండ చూపించాడు, కొండకొమ్ము మీది ఊరు చూపించాడు, వాగూ తీరమూ సముద్రమూ అన్నిటినీ కలుపుతూ చెయ్యి గుండ్రంగా తిప్పి, ఆ చేతిని తన రొమ్ముకు ఆనించుకున్నాడు. మంచి కబురు చెప్పినవాడిలా నవ్వాడు. దానికి మాటలతో పని లేదు. పొకై వెనక్కి తిరిగి అక్కకేసి చూశాడు. ఆ చూపు ఆమె జన్మలో మరిచిపోలేదు. అందులో కోపంకంటే జాలి ఎక్కువ ఉంది.

పీపాల్లో నీళ్ళు సగం నింపుకుని, మిగతా రేపని సైగ చేసి వాళ్ళు ఓడకు పోయారు. ఊరి కంచెలోపల మగవాళ్ళు దుడ్డుకర్రలు బయటికి తీశారు. ఉన్నదే పద్నాలుగుమంది, అందులో సగం ముసలివాళ్ళు. రేపు వాళ్ళు దిగగానే మీద పడదామన్నాడు పొకై. తుపాకులు తొమ్మిది ఉంటాయని ఎవరో అన్నారు. ఉంటే ఉన్నాయన్నాడు. కట్టు వేసేవాడే ఆ చోటికి పెద్ద అని తనే చెప్పాడు, అది అక్షరాలా నిజమైంది, ఇక ఊరుకుంటే తాతలకు ముఖం చూపించలేనన్నాడు.

కహుతై అందరూ మాట్లాడేదాకా ఆగింది.

"తప్పు నాది. నాకు ఒక్క ఆటుపోటు సమయం ఇవ్వు. కట్టు వేసింది వాళ్ళయితే, విప్పేది మనం. విప్పడం ఎవరి పని?"

విప్పడం ముసలి ఆడదాని పని. అది ఆ తీరంలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. కట్టు వేయడానికి పెద్దలు కావాలి, మంత్రాలు కావాలి. విప్పడానికి మాత్రం కాన్పులు దాటిన ఆడది పొయ్యి వెలిగించి, ఆ చోటనే వండి, అక్కడే తినిపించాలి. వండిన తిండి తగిలితే ఏ కట్టూ నిలవదు. కట్టు వేసినవాడు తన నోటితో తింటే ఇక దానికి తిరుగు లేదు.

"వాడు తినకపోతే?" అన్నాడు పొకై.

"అప్పుడు నీ ఇష్టం."

పొద్దున్నే పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయే వేళకు ఆమె బుట్టలు రెండు తీసుకుని తీరానికి దిగింది. ఐదు రోజుల తరువాత ఆ నీళ్ళలో పాదం పెట్టింది. ఇసుక మెత్తగా ఉంది. పాదం కిందనే గుల్లలు, ఏరినకొద్దీ గుల్లలు. మొదటిదాన్ని లోతుకు విసిరింది. బుట్టలు నింపి, కొయ్య మొదట్లోనే, పూడ్చిన గుంట పైనే, ఎండుపుల్లలు పేర్చి నిప్పు రాజేసింది. రాళ్ళు కాలాక గుల్లలు పరిచి, పచ్చాకులు కప్పి, చేతులు కడుక్కుని కూర్చుంది. గడ్డిపొదల వెనక పద్నాలుగుమంది ఉన్నారని ఆమెకు తెలుసు. వాళ్ళ ఊపిరి కూడా వినబడటం లేదు.

పడవ వచ్చింది. కొయ్య దగ్గర పొగ చూసి నీలంకోటు మనిషి గబగబా వచ్చాడు. చెయ్యి నడుముకున్న తుపాకి మీద ఉంది. మంట కొయ్యకు అంటుకోలేదని చూసుకున్నాడు. ఆమెను చూసి ఏదో గద్దించాడు. కహుతై లేవలేదు. ఆకులు తొలగించింది. ఆవిరి లేచింది, వాసన తీరమంతా పాకింది. గుల్లలన్నీ నోళ్ళు తెరిచివున్నాయి.

అన్నిటికన్నా పెద్దది ఏరి, పట్టుకుని, అతణ్ణి దాటుకుని నడిచింది. నిన్నటిలాగే రాయిమీద కూర్చున్న కుర్రాడి ముందు మోకాళ్ళమీద కూర్చుని నోటి దగ్గర పెట్టింది. దగ్గరగా చూస్తే వాడికి తమాహే అంత వయసు కూడా లేదు. ముక్కుమీద ఎండకు చర్మం లేచింది. వాడు ఒక క్షణం భయంగా చూశాడు. ఆ తరువాత పక్షిపిల్లలా నోరు తెరిచాడు.

"తిను నాయనా. నీకోసం నేను చాలా ఏడ్చాను," అంది ఆమె.

వాడు నమిలాడు. రసం గడ్డంమీదికి కారింది, అరచేత్తో తుడుచుకుని ఇంకోటి కావాలన్నట్టు చెయ్యి చాపాడు. తక్కినవాళ్ళు నవ్వి, ఆకుల చుట్టూ కూర్చున్నారు. నెలల తరబడి ఓడలో ఏం తిన్నారో గానీ వేళ్ళు కాలుతున్నా ఆగలేదు. నీలంకోటు మనిషి ఒక్కడే నిలబడివున్నాడు. కహుతై ఒక గుల్ల తీసి రెండు చేతులా పట్టుకుని అతని ముందుకు చాపింది. అతను వద్దని తల ఊపాడు. ఆమె చేతులు అలాగే ఉంచింది. గడ్డిపొదలో ఒక పుల్ల విరిగిన చప్పుడయింది. ఆమె అటు చూడలేదు.

కుర్రాడు నోటినిండా తింటూనే ఏదో అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నీలంకోటు మనిషి కూడా నవ్వక తప్పలేదు. తుపాకి మీదినుంచి చెయ్యి తీసి, గుల్ల అందుకుని, ఊదుకుని తిన్నాడు. బాగుందన్నట్టు కనుబొమలు ఎగరేసి, ఇంకోటి, మరోటి, మొత్తం ఐదు తిన్నాడు. ముసలామె తమకు విందు చేసిందనుకుని మెడలో పూసలదండ కూడా వేశాడు. ఆమె చివరి గుల్ల తను తిని, పెంకు కొయ్య మొదట్లో పడేసింది. తలమీది పచ్చాకుల దండ తీసి నిప్పులో వేసింది. అది చిటపటలాడి కాలిపోయింది. పొదల వెనకనుంచి ఎవరూ రాలేదు.

మధ్యాహ్నానికి నీళ్ళు నింపుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. పడవలో కుర్రాడు ఈసారి లేచి కూర్చున్నాడు. ఆమె తొమ్మిదీ లెక్కపెట్టుకుని, సరిపోయాక, వెనక్కి తిరిగింది.

ఓడ మొన దాటాక కొయ్యను ఇద్దరు మనుషులు కదిపితే ఊడివచ్చింది. గుంటలో మెరిసే బుర్ర, బుర్రలో మడతపెట్టిన తెల్లటి ఆకు. వెంట్రుక లేదు, ఎముక లేదు. దీనిమీద కూర్చునా ఇన్నాళ్ళూ శోకాలు పెట్టానని కహుతైకి నవ్వు వచ్చింది. ఆకు పొయ్యిలోకి పోయింది. బుర్ర నీళ్ళకు పనికివచ్చింది. కొయ్య మంచి చేవగలది, పొకై దాన్ని తవ్వుకర్రలకు రెండుగా నరికాడు. గుడ్డను ఆమె వాగులో మూడుసార్లు ఉతికి, ఎండలో ఆరేసింది.

ఆ సాయంత్రం రేహు దొన్నె నిండా రసం తాగి, అడిగి మరీ మళ్ళీ తాగింది. మర్నాటికి కూడా ఏమీ తేలలేదు, తోటలనుంచి ఆడవాళ్ళూ ఇంకా రాలేదు. ఆ మర్నాడు బిడ్డ రొమ్ము పట్టుకుని వదలకుండా లాగుతుంటే, గుటకల చప్పుడు గుడిసె బయటికి వినబడింది. కహుతై గుమ్మం దగ్గర మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

పొకై వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎర్రగుడ్డలో చుట్టిన మేనల్లుడి బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇలాంటి గుడ్డలు ఆ ఓడలో ఇంకా చాలా ఉంటాయక్కా. మళ్ళీ వస్తారు."

"రానీ. గుల్లలు కూడా చాలా ఉన్నాయి," అంది కహుతై. అని, గుడ్డలోంచి బయటికి తన్నుతున్న చిన్ని పాదాన్ని పట్టుకుని చూసింది. వెచ్చగా ఉంది. దాన్ని మళ్ళీ లోపలికి సర్దింది.